పద్యనాటకం వేయబోయేవాళ్ల అపోహలు: ఒక హార్మోనిస్టు గోడు

మొన్న శ్రీరామనవమి నాటకానికి రిహార్సల్స్ మొదలుపెట్టిన రోజున రాయబారం సీను కృష్ణుడు (మాకు సీనుకో కృష్ణుడు) గొంతు బొంగురుపోయి వచ్చాడు. ఆర్టీసీ కండక్టరు, మంచి కంఠం, చిన్నప్పటి నుంచి నాటకమంటే పిచ్చి. ఏమైందయ్యా అంటే, ఇరవై రోజులుగా ఫోన్లో పాత రికార్డు పెట్టుకుని, డ్యూటీ దిగాక పొలం గట్టు మీద నిలబడి దానితో పాటు అరుస్తున్నాడట. నేనింకా హార్మోనియం పెట్టె మూత తీయకముందే "నాలుగు శ్రుతి పెట్టండి మాస్టారూ, అంతకి తగ్గితే జనం నవ్వుతారు" అన్నాడు. ఆ మనిషి మామూలుగా మాట్లాడే గొంతు వింటే తెలిసిపోతుంది, ఒకటిన్నర, మహా అయితే రెండు. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టె మీద పట్టి ఉంచే స్వరం, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి, అర అంటే నల్లమెట్టు.

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను. రైతులు, టీచర్లు, కరెంటాఫీసు వాళ్లు, కిరాణా కొట్టువాళ్లు, ఏడాదికోసారి ముఖానికి రంగేసుకునేవాళ్లే నా దగ్గరికి వచ్చేది. ప్రతి ఏడాదీ ఇదే గొడవ, అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పెద్ద శ్రుతిలో పాడితేనే అది పద్యం.

వాస్తవం: కాదు. మోహన రాగం రెండులో పాడినా మోహనే, నాలుగులో పాడినా మోహనే. పాతవాళ్లు పెద్ద శ్రుతులు పట్టారంటే అప్పట్లో మైకులు లేవు, పందిట్లో చివర చాప మీద కూర్చున్న ముసలాయనకి కూడా వినపడాలి. దానికోసం పన్నెండో ఏటో పదమూడో ఏటో నాటక సమాజంలో చేరి, రోజూ తెల్లవారుజామున సాధన చేసి ఆ గొంతు తయారు చేసుకున్నారు. మీరు నలభై ఐదేళ్ల వయసులో, పగలంతా ఉద్యోగం చేసి, నలభై రోజుల్లో ఆ గొంతు తెచ్చుకోవాలంటే ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు నెత్తి మీద మూడు మైకులు వేలాడుతున్నాయి, సౌండ్ బాక్సులు పక్క ఊరి దాకా మోగుతున్నాయి. మీరు ఎవరికి వినపడటం కోసం అరుస్తున్నట్టు?

ఇంకో సంగతుంది, ఇది చెబితే చాలామంది నమ్మరు. మీరు ఫోన్లో వింటున్న రికార్డు అసలు ఆ శ్రుతిలో పాడిందో లేదో ఎవరికి తెలుసు? పాత టేపులు కాపీల మీద కాపీలు తీసి, ఏదో మెషిన్లో వేసి, దాన్నెవరో కంప్యూటర్లోకి ఎక్కించినవి అవి. టేపు ఉండాల్సిన దానికన్నా నూటికి ఆరు పాళ్లు వేగంగా తిరిగితే చాలు, శ్రుతి ఒక అరమెట్టు పెరిగిపోతుంది. పన్నెండు పాళ్లయితే పూర్తి మెట్టు. అంటే ఆ పాత నటుడు పాపం రెండులో హాయిగా పాడింది మీకు మూడులో వినపడుతోంది, మీరు దాన్ని పట్టుకుని ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నారు. అనుమానముంటే పద్యం వదిలేసి మధ్యలో వచనం వినండి. మాటలు తరుముకుంటూ, గొంతు పీలగా వస్తుంటే ఆ రికార్డు పరిగెడుతోందని అర్థం.

మీ శ్రుతి ఎంతో తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. అందరూ పద్యం ఎత్తుగడ పాడి "ఇది బాగుంది, ఇదే ఉంచండి" అంటారు. తప్పు అక్కడే. మీ పాత్రలో అన్నిటికన్నా పైకి వెళ్లే పద్యం ఏదో చూసుకోండి, అందులో కొస స్థాయి వచ్చే ముక్క మాత్రం పాడండి. మెడ నరాలు తేలకుండా, గడ్డం పైకి ఎత్తకుండా, పని నుంచి అలిసిపోయి వచ్చిన సాయంత్రం కూడా, వరసగా మూడు రోజులు అది పలికితే ఆ శ్రుతి మీది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగి పాడింది లెక్కలోకి రాదు. ఎందుకంటే మీ సీను వచ్చేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది. నేనైతే అసలు రోజున ఇంకో అర తగ్గించే పెడతాను. చాలామందికి చెప్పను కూడా చెప్పను, తెలిస్తే ఒప్పుకోరు. అలాగని మరీ దించేసినా పనికిరాదు, కింద స్వరాలు గొంతులోనే ఉండిపోతాయి, మైకు కూడా ఏం చేయలేదు.

"ఒక్కొక్కరికి ఒక్కో శ్రుతి అంటే మీకు ఇబ్బంది కదా మాస్టారూ" అని కొందరు మొహమాటపడతారు. ఇబ్బంది ఏమీ లేదు, నేను కూర్చున్నది అందుకే. పద్యానికి తాళం లేదు కాబట్టి తబలా వాయించేవాడికీ పెద్ద బాధ ఉండదు, పాటలున్న చోట మాత్రం ముందే చెబితే వేరే తబలా శ్రుతి చేసి ఉంచుకుంటాడు. ఒక కుర్రాడు "మూడు తక్కువైంది, నాలుగు ఎక్కువైంది, మూడున్నర పెట్టండి" అని నన్ను పట్టుకున్నాడు. నాయనా, మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టే లేదు, ఎక్కడి నుంచి తెచ్చి పెట్టను?

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేనూ ఒకప్పుడు వేషం వేసినవాడినే. ఇరవై రెండేళ్లప్పుడు అర్జునుడు. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు గానీ, నాకు నేర్పినాయన అర్జునుడంటే పౌరుషం అని, పౌరుషమంటే నాలుగు శ్రుతి అని పట్టుబట్టాడు. నెలన్నర అరిచాను. చివరి వారం ఉప్పునీళ్లతో పుక్కిలించి, మిరియాలు నమిలి, ఎవరో చెబితే పచ్చి గుడ్డు కూడా మింగాను. నాటకం రోజు రెండో పద్యంలో పైస్థాయికి వెళ్లగానే గాలి వచ్చింది తప్ప శబ్దం రాలేదు. ముందు వరసలో మా నాన్న కూర్చుని ఉన్నాడు. తల వంచుకున్నాడు. ఆరు నెలలు సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఆ తర్వాత పై స్వరాలు మళ్లీ రానే లేదు. నేను పెట్టె ముందుకు చేరింది అలా. బాధపడటం లేదు, ఈ పెట్టె నాకు అన్నం పెట్టింది. కానీ ఇంకొకడు అలా గాలి ఊదుతుంటే పక్కన కూర్చుని చూడలేను.

గొంతుకి మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పటికబెల్లం, మిరియాలు, తేనె, అల్లం, ఏదైనా సరే మీరు మింగింది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులు ఉన్నది గాలి వెళ్లే దారిలో. తేనె వాటికి తగలదు, పైన గొంతులో హాయిగా అనిపిస్తుంది, అంతే. తినండి, తప్పులేదు, కానీ దాన్ని నమ్ముకుని అరవొద్దు. నీళ్లు మాత్రం రోజంతా తాగుతూ ఉండండి, వేషం వేసుకున్నాక ఒకేసారి సీసాడు తాగితే లాభం లేదు, పైగా ఆ పంచెకట్టుతో బాత్రూముకి వెళ్లడం ఒక పెద్ద సీను. ధైర్యానికని గ్రీన్‌రూంలో ఒక చుక్క వేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అది గొంతుని ఎండగడుతుంది, పైగా శ్రుతి తప్పినా మీకు తెలియకుండా చేస్తుంది. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, అదీ శ్రమే, నోరు మూసుకోవడమే విశ్రాంతి. మూడు వారాలు దాటినా గొంతు విడవకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి, నన్ను అడక్కండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

సంగీతం రానివాళ్లకి పద్యం రాదంటారు. వస్తుంది. శ్రుతి పట్టుకునే చెవి ఉంటే చాలు. నా దగ్గర బాగా పాడినవాళ్లలో సంగీతంలో మొదటి పాఠమైన సరళీస్వరాలు కూడా తెలియనివాళ్లే ఎక్కువ.

రాగం ఎంత సాగదీస్తే అంత వన్స్‌మోర్ అంటారు. జనం వన్స్‌మోర్ కొట్టేది పద్యం అర్థమైనప్పుడు. పద్యం కన్నా రాగం పొడుగైతే కొట్టు దగ్గరికి టీకి వెళ్తారు, నేను పెట్టె దగ్గర నుంచి చూస్తుంటాను కదా.

పద్యం కంఠతా వస్తే అయిపోయినట్టే అంటారు. ఇది కొంచెం ఆగి చెప్పాలి. పుస్తకంలో పాదం ఎక్కడ విరిగితే అక్కడ ఊపిరి తీసేస్తున్నారు. పాండవోద్యోగవిజయాల్లో ఊరూరా పాడే జెండాపై కపిరాజు పద్యమే చూడండి. మూడో పాదం చివర "ఒ" ఉంటుంది, నాలుగో పాదం "క్కండున్" అని మొదలవుతుంది. "ఒక్కండున్" అనే ఒకే మాట అది. యుద్ధంలో నీ మొర వినేవాడు ఒక్కడు కూడా ఉండడని దుర్యోధనుడితో అనే చోట, ఆ "ఒ" దగ్గర ఆగి గుండెల నిండా గాలి పీల్చి "క్కండున్" అని అందుకుంటే ఇంకేం మిగిలింది? అందుకే మొదటి వారం నా దగ్గర పాటే ఉండదు. పద్యాన్ని విడదీసి ఇంట్లో మనిషితో చెప్పినట్టు వచనంలా చెప్పమంటాను. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మర్చిపోతే వెనక నుంచి మాట అందిస్తారులే అనుకోవద్దు. ఎకోలో మీకేమీ వినపడదు. పైగా కిరీటం, విగ్గు చెవులు కప్పేస్తాయి, నా పెట్టె కూడా సన్నగా వినపడుతుంది, శ్రుతి జారేది అందుకే. కనీసం రెండు రిహార్సల్స్ నెత్తిన కిరీటంతో చేయండి. ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

బయటి నుంచి వచ్చే లేడీ ఆర్టిస్టుల ముందు చాలామంది వణికిపోతారు. ఆవిడ ఆ పాత్ర వందసార్లు వేసి ఉంటుంది, ఒక్క రిహార్సల్‌కే వస్తుంది, మన తప్పులు చూసి ఏమనుకుంటుందో అని టెన్షన్. ఏమీ అనుకోదు. ఒకసారి కాటిసీనులో మా హరిశ్చంద్రుడు, మిరప రైతు, పద్యం మర్చిపోయి రాయిలా నిలబడిపోయాడు. చంద్రమతి వేసినావిడ బిడ్డ మీద పడి ఏడుస్తూ, ఆ ఏడుపులోనే అతని పద్యం మొదటి మాట కలిపి అందించింది. జనం కళ్లు తుడుచుకుంటున్నారు, ఒక్కరికీ తెలియలేదు. దిగాక అతను చేతులు జోడిస్తే "మీరు బాగానే చేశారు తమ్ముడూ, కాస్త అన్నం తినండి ముందు" అని మేకప్ తీసుకోవడానికి వెళ్లిపోయింది.

మా కండక్టరు సంగతి చెప్పలేదు కదా. పది రోజులు పద్యం బంద్ చేయించాను, టికెట్ టికెట్ అని అరవడం కూడా తగ్గించుకోమన్నాను. తర్వాత రెండు పెట్టి పాడించాను, సగం మనసుతో పాడాడు. నవమి రాత్రి రాయబారంలో రెండు వన్స్‌మోర్లు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే ఫోను. "మాస్టారూ, మీరు చెప్పిందే కరెక్టు, రెండే నా శ్రుతి, ఇంక ఈ జన్మకి మార్చను" అన్నాడు. సంతోషం నాయనా అన్నాను. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "ఇంతకీ పడక సీను కృష్ణుడికి ఎంత పెట్టారు?"