బ్రాకెన్‌ని ఎప్పుడు కొయ్యాలి?

చేలో తుంగ తీసినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. పైన ఎంత పీకినా కింద గడ్డ మిగిలితే నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది. స్కాట్లాండ్, వేల్స్ కొండల మీద గొర్రెలూ ఆవులూ మేపుకునేవాళ్లకి అలాంటి తలనొప్పి బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క. మే నెలలో పిడికిలి బిగించినట్టున్న మొలకలు వస్తాయి. జులైకల్లా అవి గుబురుగా విచ్చుకుని కింద గడ్డికి ఎండ తగలనివ్వవు. పైగా లోతైన, నీరు నిలవని మంచి నేలే దానికి కావాలి!

పశువులు దీన్ని మామూలుగా ముట్టవు. మేత కరువై తింటే మాత్రం ముప్పే. ఇందులోని టాక్విలోసైడ్ అనే విషం వల్ల మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డలు లేచి, మూత్రంలో రక్తం పడుతుంది. మన హిమాలయ ప్రాంతపు ఆవుల్లోనూ ఈ జబ్బు ఉంది. విషం పాలలోకి కూడా దిగుతుంది.

దాని బలమంతా నేల కిందే. అల్లం, పసుపు కొమ్ముల్లాగే అడ్డంగా పాకే కాండంలో పిండిపదార్థం దాచుకుంటుంది. మొలకలు ముందు ఆ నిల్వ తినే పెరుగుతాయి. ఆకు పూర్తిగా విచ్చుకున్నాక తను సంపాదించింది కిందికి పంపుతుంది. అందుకే కోతకి జూన్ మధ్య సరైన అదను: ఖర్చయిపోయింది, రాబడి ఇంకా మొదలవలేదు. ఆరు వారాలకి మళ్లీ కొయ్యాలి. ఇలా కనీసం మూడేళ్లు. మధ్యలో వదిలేస్తే కొట్టు మళ్లీ నిండుతుంది. రోలర్‌తో కాడలు నలగ్గొట్టేవాళ్లూ ఉన్నారు.

ఆసులం అనే కలుపు మందుది సరిగ్గా తిరగేసిన లెక్క. ఆకు పూర్తిగా విచ్చాకే కొట్టేవారు. కిందికి దిగే ఆహారంతో పాటే మందూ మొగ్గలకి చేరుతుంది. ఆ ఏడాది పైకేమీ తెలియదు. మరుసటి వేసవికి మొలకలు రావు. మొక్క దారినే మొక్క మీదికి తిప్పడం నాకు భలే నచ్చింది. కానీ 2011లో యూరోపియన్ యూనియన్ ఈ మందుకి అనుమతి తీసేసింది. ఆ తర్వాత బ్రిటన్‌లో కొన్నేళ్లు ఏటికేడు అత్యవసర అనుమతులతో నెట్టుకొచ్చారు.

నిజానికి ఒకప్పుడు అక్కడివాళ్లకి ఇది కలుపే కాదు. కోసుకెళ్లి కొట్టంలో పశువుల కింద పరిచేవారు, కాల్చిన బూడిదని సబ్బుకీ గాజుకీ వాడేవారు. బరువైన ఆవుల తొక్కిడి కూడా దాన్ని అదుపులో పెట్టేది; గొర్రెల తేలిక కాళ్లకి అది లొంగదు. అందుకే కొందరు చలికాలంలో ఆవులకి ఎండుగడ్డిని బ్రాకెన్ ఉన్న చోటే వేస్తారు. తొక్కిడికి పైనున్న ఎండాకుల పొర చెదిరి, మొగ్గలు మంచుకి మాడిపోతాయి. వసంతంలో మొలకలు తల ఎత్తకముందే మాత్రం మందని అక్కణ్నుంచి తోలెయ్యాలి.