440 వెనక ఉన్నది గోబెల్స్ కాదు, ఐదు డిగ్రీల వేడి

'హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్, నాజీలు కలిసి సంగీతం శ్రుతిని 440కి మార్చేశారు, ప్రకృతి ఇచ్చిన అసలు శ్రుతి 432' అనే సందేశం ఫోన్లలో మళ్లీ చక్కర్లు కొడుతోంది. కిందే ఒక వీడియో లింకు, వింటే నిద్ర పడుతుందన్న హామీ. పాశ్చాత్య వాయిద్యాలన్నీ శ్రుతి చేసుకునే 'ఎ' స్వరం సెకనుకు 440 సార్లు కంపించాలా, 432 సార్లా అన్నదే తగువు.

18వ శతాబ్దపు స్వరకర్త హాండెల్ నాటి ట్యూనింగ్ ఫోర్కు (కొడితే ఒకే స్వరం పలికే ఉక్కు కవ్వం) 422 దగ్గర మోగేదనీ, 19వ శతాబ్దంలో ఆర్కెస్ట్రాలు నాదంలో మెరుపు కోసం పోటీపడి శ్రుతి పెంచుకుంటూ పోయాయనీ చాలామంది రాసేశారు. 1858 నాటికి పారిస్ ఒపేరాలో 448. 1870ల లండన్‌లో 452 దాటింది. స్వరకర్తలు రోసీని, బెర్లియోజ్, మేయర్‌బేర్ ఉన్న సంఘం మాట విని 1859లో ఫ్రెంచి ప్రభుత్వం 435 అని ఉత్తర్వు ఇచ్చింది. కంపనం రాకనూ పోకనూ విడివిడిగా లెక్కపెట్టేవాళ్లు కాబట్టి వాళ్ల కాగితాల్లో అది 870.

ఆ ఉత్తర్వులోనే '15 డిగ్రీల దగ్గర' అని ఒక షరతు ఉంది. ఇవాళ్టి 440 అక్కడే పుట్టింది.

ఫోర్కు ఉక్కుది. వేడెక్కితే దాని శ్రుతి దిగుతుంది, అదీ డిగ్రీకి పదివేలలో ఒక వంతు మాత్రమే. ఫోర్కును ఏ వేడి దగ్గర కొలిచారో చెప్పడానికే ఫ్రెంచివాళ్లు 15 అని రాశారు. ఫ్లూటులో, క్లారినెట్‌లో, ఆర్గాన్ గొట్టంలో మోగేది మాత్రం గాలి. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి శ్రుతి ఎక్కుతుంది, డిగ్రీకి సుమారు 0.18 శాతం. లండన్ వాళ్లు ఆ 15 డిగ్రీలను కచేరీ హాలు వేడిగా చదువుకున్నారు. తమ హాళ్లు 20 డిగ్రీల్లో ఉంటాయి, ఐదు డిగ్రీలకు 0.9 శాతం కలపాలి, 435 కాస్తా 439 అవుతుంది అని తేల్చి, 1896లో ఫిల్‌హార్మోనిక్ సొసైటీ 439ని ఖాయం చేసింది. గుణకారం సరైనదే, చదవడమే తప్పు.

అయినా బ్రిటన్‌కు అది పెద్ద దిగుడే. 452 నుంచి 439 అంటే అర్ధస్వరంలో (పియానోలో పక్కపక్క మెట్ల దూరంలో) సగం. వయొలిన్ బిరడా తిప్పుకుంటే సరిపోతుంది, క్లారినెట్‌కు ఆ వీలు లేదు. ఊదే మూతికి కింద ఉండే చిన్న ముక్కను, అంటే బ్యారెల్‌ను, బయటికి లాగితే శ్రుతి దిగుతుంది గానీ సమానంగా దిగదు: పై రంధ్రాల దగ్గర పలికే స్వరాలకు గొట్టం పొట్టి కాబట్టి అవి ఎక్కువ జారతాయి, కింది స్వరాలు తక్కువ. అంత దించాలంటే కొత్త వాయిద్యమే కొనాలి. 1895లో లండన్ క్వీన్స్ హాల్లో ప్రొమెనేడ్ కచేరీలకు డబ్బు పెట్టిన జార్జ్ క్యాత్‌కార్ట్ గొంతు వైద్యుడు. తక్కువ శ్రుతి ఆయన షరతు. ఊదే వాయిద్యాలు కూడా ఆయనే బెల్జియం నుంచి తెప్పించి ఇవ్వాల్సి వచ్చింది. బ్రిటిష్ ఇత్తడి బ్యాండ్లయితే 1960ల దాకా పాత శ్రుతి వదల్లేదు.

మరి 439 మీద ఇంకొకటి ఎందుకు? 1939 మేలో లండన్‌లో శ్రుతి ప్రమాణం కోసం అంతర్జాతీయ సమావేశం జరిగి 440ని ఎంచుకుంది. జర్మనీ వచ్చింది నిజమే. ఫ్రాన్స్, బ్రిటన్, ఇటలీ, నెదర్లాండ్స్ కూడా వచ్చాయి. అమెరికా ప్రమాణాల సంఘం 1936లోనే 440కి ముద్ర వేసి ఉంది. బీబీసీ తన శ్రుతి స్వరాన్ని సెకనుకు పది లక్షల సార్లు కంపించే స్ఫటికం నుంచి తీసేది. దాన్ని 1000తో భాగించి, 11తో గుణించి, 25తో భాగిస్తే సరిగ్గా 440. 439 ప్రధాన సంఖ్య, ఇలాంటి చిన్న గుణకార భాగహారాలతో దాన్ని రాబట్టలేరు. ఆ లెక్కలో గోబెల్స్‌కు చోటెక్కడ? 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా 440నే సిఫార్సు చేసింది.

432 పక్షానికి పెద్ద పేరు ఇటలీ ఒపేరా స్వరకర్త వెర్డి. 1884లో ఆయన దాన్ని సమర్థించాడు, నిజమే. కానీ అప్పటికి పదేళ్లుగా ఆయన ఫ్రెంచి 435తో సర్దుకుంటూనే ఉన్నాడు. గాయకుల గొంతుకు ఊరట, దేశమంతా ఒకే శ్రుతి, ఆయనకు కావలసినవి ఆ రెండే. 1988లో లారూష్ రాజకీయ ఉద్యమానికి చెందిన షిల్లర్ ఇన్‌స్టిట్యూట్ మిలాన్‌లో ఉద్యమం మొదలుపెట్టి రెనాటా తెబాల్దీ వంటి గాయనిని వేదిక ఎక్కించింది. గోబెల్స్ కథకు ఊపు వచ్చింది వాళ్ల ప్రచారంతోనే. 'సి' 256 అయితే 'ఎ' 432 అన్న వాళ్ల లెక్క స్వరాలను షడ్జ-పంచమ నిష్పత్తితో పేర్చే పైథాగరస్ పద్ధతిలో కుదురుతుంది. స్థాయిని పన్నెండు సమాన మెట్లు చేసే పియానో శ్రుతి పద్ధతిలో అదే 256 నుంచి ఎక్కితే 'ఎ' 430.5 దగ్గర ఆగుతుంది. పైగా సెకను అనేది మనిషి పెట్టుకున్న కొలత. దానితో లెక్కించిన అంకెకు ప్రకృతి ముద్ర ఎలా వేస్తాం?

మన గాయకులకు ఈ తగువే లేదు. ఆధార షడ్జం గొంతును బట్టి కదులుతుంది. అయితే ఒకటో శ్రుతి, ఐదున్నర శ్రుతి అనేవి హార్మోనియం మెట్ల లెక్కే.

ఆ వీడియోల్లో చాలావరకు 440 రికార్డింగునే నెమ్మదించి పెట్టినవి. అలా చేస్తే పది నిమిషాల పాట పది నిమిషాల 11 సెకన్లవుతుంది. ఇంట్లో పియానోని నిజంగానే 432కి దించాలనుకునేవాళ్లు ముందు ట్యూనర్‌తో మాట్లాడాలి. తీగలన్నిటి బిగింపు కలిపి సుమారు 18 టన్నులు. అందులో 3.6 శాతం, అంటే ఆరువందల కిలోలకు పైగా, ఒక్కసారిగా వదులవుతుంది. తీగల నాదాన్ని పెంచే చెక్క పలక (సౌండ్‌బోర్డు) కదిలి, మొదట శ్రుతి చేసిన తీగలు చివరివి అయ్యేలోపే జారిపోతాయి. కనీసం రెండు విడతలు, కొన్ని వారాల తర్వాత మరోసారి పట్టుకోవాలి. తిరిగి 440కి ఎక్కించేటప్పుడూ ఇదంతా ఉంటుంది, పాత తీగలు తెగడం అదనం.