వెలుతురు పడకముందే జరిగే పని

బరంపురంలో చదువుకుంటున్న మనవలకు పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీకి 2025 ఆగస్టులో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి మీరు ఒకటే అడుగుతున్నారు: "చిప్ మీద గీతలు వెలుతురుతో గీస్తారు కదా తాతా, మరి అన్ని పూతలెందుకు?" బడిలో సైన్సు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వింటారు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనూ ఇది మీకు అందాలని రాస్తున్నాను.

వేఫర్ అంటే పల్చటి గుండ్రటి పలక. దాని మీద రెసిస్ట్ అనే ద్రవం పోసి, నిమిషానికి వేల చుట్లు తిప్పి పల్చగా పరుస్తారు. గీతల నమూనా ఉన్న పలకను మాస్క్ అంటారు. దానిలోంచి వెలుతురు పడ్డ చోట రెసిస్ట్ గుణం మారుతుంది. డెవలపర్ అనే ద్రవంతో కడిగితే గీతలు మిగులుతాయి.

వేఫర్ పైనుండే ఆక్సైడ్ పొర గాలిలోని తేమను పట్టుకుంటుంది. దుమ్ము చేరకుండా ఉంచే క్లీన్‌రూమ్‌లో ఎంత జాగ్రత్తపడినా కంటికి కనిపించని నీటి పొర చేరుతుంది. రెసిస్ట్‌కు తడి గిట్టదు, సరిగా అంటుకోదు. డెవలపర్‌లో ఉన్నది చాలావరకు నీళ్లే కాబట్టి అది సందు చూసుకుని అడుగుకు దూరుతుంది. సన్న గీతలు ముందు లేచిపోతాయి, వాటికి ఆనుకునే చోటు తక్కువ కదా. మాస్క్ ఎంత బాగున్నా అప్పుడు చేసేదేమీ లేదు.

అందుకని వేఫర్‌ను 150 డిగ్రీలకు పైగా వేడిచేసి, హెచ్‌ఎమ్‌డీఎస్ అనే రసాయనం ఆవిరి పట్టిస్తారు. ఇది జిగురు కాదు. ఆక్సైడ్ పైపొరతో రసాయనికంగా కలిసి, నీటిని దగ్గరకు రానివ్వకుండా చేస్తుంది. ఇప్పుడు దానిమీద నీటిచుక్క వేస్తే పల్చగా పరుచుకోకుండా ముద్దగా నిలుస్తుంది. ఆ చుక్క అంచు కోణం కొలిచే పూత కుదిరిందో లేదో చూస్తారు. ఎక్కువైనా తంటాయే, రెసిస్ట్ కూడా సమంగా పరుచుకోదు.

ఇంకో చిక్కు వెలుతురుదే. కింద అల్యూమినియం లాంటి మెరిసే పొర ఉంటే వెలుతురు తిరిగి పైకొచ్చి, దిగే వెలుతురుతో కలిసి రెసిస్ట్ లోపల వెలుతురులో పొరలు పొరలుగా ఎక్కువ తక్కువలు ఏర్పడతాయి. 365 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లో వంతు) తరంగదైర్ఘ్యమున్న వెలుతురుకు రెసిస్ట్‌లో ఇవి సుమారు 107 నానోమీటర్లకొకటి వస్తాయి. గీత పక్క గోడ నున్నగా రాక అలలు తేలుతుంది. రెసిస్ట్ మందం కొంచెం మారినా గీత వెడల్పు మారిపోతుంది. వెలుతురు పడ్డాక మళ్లీ వేడిచేస్తే అలలు కొంత సర్దుకుంటాయి గానీ, వెడల్పు తేడా పోదు.

దీనికి రెసిస్ట్ కింద ప్రతిబింబాన్ని ఆపే పూత వేస్తారు. అది కొంత వెలుతురును మింగేస్తుంది. మిగిలిన వెలుతురు పూత పైనుంచి, అడుగునుంచి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలి. అలా జరగాలంటే ఆ పూత మందం లెక్క ప్రకారమే ఉండాలి.

మీ తాతయ్య