చుట్ట పొగ, కడుపులో బిడ్డ, సీటు మీద తువ్వాలు

"మా మామ్మ జీవితమంతా అడ్డపొగ తాగింది. కడుపుతో ఉన్నప్పుడూ మానలేదు. ఏడుగురు పిల్లలూ బాగానే ఉన్నారు. మరి డాక్టర్లు ఎందుకంత భయపెడతారు?" అని శ్రీకాకుళం వైపు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. నేనూ ఆ వైపు అరుగుల మీద పెరిగినదాన్నే కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. మా పక్కింటి మామ్మ చేటలో బియ్యం ఏరుతూనే చుట్టను తిప్పి నోట్లో పెట్టుకునేది. పెదాలు మూశాక నిప్పు కనిపించేది కాదు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అంగిలి మీద మచ్చలు, క్యాన్సర్ ఉన్నాయా అని చూశారు. కడుపులో బిడ్డ మాట ఎత్తితే ఆ పక్కింటి మామ్మ, "పొగ నా కడుపులోకెల్తాది గానీ గుంటడి దగ్గరికెల్తాదేటి?" అనేది.

చదువుకున్న డాక్టర్లు కూడా చాలాకాలం దాదాపు అలాగే అనుకున్నారు. కడుపులో తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే మాయ (ప్లాసెంటా) కోటగోడలాంటిదని, చెడును అది ఆపేస్తుందని వాళ్ల నమ్మకం. గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ మాత్రల వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన ఘోరం 1961లో బయటపడ్డాక ఆ గోడ కూలింది.

పొగ బిడ్డను ఎలా చేరుతుందో చూద్దాం. రక్తంలోని ఒక్కో హిమోగ్లోబిన్ అణువు నాలుగు సీట్ల చిన్న బస్సు. ఎక్కాల్సిన ప్రయాణికుడు ఆక్సిజన్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేసే రకం. ఆ సీటును అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అది చేసే పాడు పని ఇంకోటి ఉంది. అది ఎక్కిన బస్సులో మిగతా ఆక్సిజన్లు కూడా సీటుకు అతుక్కుపోతాయి, స్టాపు వచ్చినా తొందరగా దిగవు. బస్సు నిండుగానే కనిపిస్తుంది, ఊరికి మాత్రం జనం చేరరు.

ఇక మాయ అనే బస్ కాంప్లెక్స్‌కు వద్దాం. ఇక్కడ ఆక్సిజన్ తల్లి బస్సు దిగి బిడ్డ బస్సు ఎక్కాలి. బిడ్డ హిమోగ్లోబిన్ వేరే రకం, తక్కువ ఒత్తిడిలోనూ ఆక్సిజన్‌ను లాగి ఎక్కించుకుంటుంది. లాగక తప్పదు. తల్లి ధమనుల్లో ఆక్సిజన్ పీడనం (పాదరసం మిల్లీమీటర్లలో) 100 దగ్గర ఉంటే, మాయ నుంచి బిడ్డకు వెళ్లే రక్తంలో 30 దగ్గరే ఉంటుంది. దాదాపు ఎవరెస్టు శిఖరం మీద మనిషి బతుకు అది. అంత తక్కువలో నెట్టుకొస్తున్న బిడ్డ బస్సులోనూ తువ్వాలు పడుతుంది. తల్లి రక్తంలో ఆ సీట్లలో సగం ఖాళీ కావడానికి నాలుగైదు గంటలు పడితే, బిడ్డకు సుమారు ఏడు గంటలు. ఈలోగా ఇంకో చుట్ట. బిడ్డ ఊరుకోదు, ఇంకా ఎర్ర కణాలు తయారుచేసుకుంటుంది, అంటే మరిన్ని బస్సులు వేస్తుంది. కానీ నికోటిన్ రక్తనాళాలను బిగించి దారినే ఇరుకు చేస్తుంది.

ఫలితం కాటా మీద తేలింది. 1957లో కాలిఫోర్నియాలో సింప్సన్ అనే డాక్టరు 7,499 మంది తల్లుల లెక్కలు తీసి, పొగ తాగేవాళ్లకు తక్కువ బరువు పిల్లలు సుమారు రెట్టింపు పుడుతున్నారని చూపించారు. సగటున తగ్గేది 200 గ్రాములు. అంత తేడా ఒక బిడ్డను ఎత్తుకుంటే తెలియదు, వేలమందిని తూస్తే తెలుస్తుంది. మామ్మల పిల్లల్ని పుట్టగానే ఎవరు తూచారు? పైగా బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువని మన ఇళ్లలో కడుపు మాడ్చుకున్న ఆడవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మద్యం కథ ఇంకా విచిత్రం. 1960ల చివర్లో నెలలు నిండకుండా నొప్పులొస్తే, ఆపడానికి డాక్టర్లే ఆల్కహాల్‌ను సెలైన్‌లా నరంలోకి ఎక్కించేవారు. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలను అది అణచేస్తుందని వాళ్ల లెక్క. అదే దశకంలో, 1968లో, ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే పిల్లల డాక్టరు తాగుడు అలవాటున్న కుటుంబాల్లో పుట్టిన 127 మంది పిల్లల్లో కనిపించిన ప్రత్యేక ముఖకవళికలు, ఎదుగుదల లోపం గురించి రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు అవే ముఖకవళికలు, అదే ఎదుగుదల లోపం గుర్తించి ఆ జబ్బుకు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అమెరికాలో సీసాల మీద గర్భిణులకు హెచ్చరిక 1989లో గానీ రాలేదు.

గ్రహణం రోజు గర్భిణిని తలుపులేసి కూర్చోబెడతాం, కత్తిపీట ముట్టనివ్వం, బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని. ఆ పెదవి చీలికకు చందమామతో సంబంధం లేదు. తొలి నెలల్లో తల్లి తాగే పొగతో మాత్రం ఉంది. బడిలో గ్రహణం పాఠం చెప్పే రోజే ఈ ముక్కా చెప్పాలి.

మొదటి మూడు నెలల్లో మానేసినవాళ్ల పిల్లల బరువు, అసలు తాగనివాళ్ల పిల్లల బరువుకు దగ్గరగా వస్తుంది. తువ్వాళ్లు ఒకట్రెండు రోజుల్లోనే లేచిపోతాయి మరి. ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా తాగేది భర్త. గది పొగలోనూ అదే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, కట్టెల పొయ్యి పొగలోనూ ఉంటుంది. ఇంగ్లండులో గర్భిణి పరీక్షకు వచ్చినప్పుడు ఊపిరిలో ఆ వాయువు ఎంతుందో చూసే చిన్న పరికరంలో ఊదిస్తారు. అంకె నాలుగు గానీ ఆపైన గానీ వస్తే ఇంట్లో ఎవరు తాగుతారని, వేడినీళ్ల బాయిలర్ సరిగ్గా ఉందా అని అడుగుతారు. మన పీహెచ్‌సీలో వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు. అంటే బస్సులు ఎన్నున్నాయో లెక్కపెడతారు, సీట్లలో ఎవరున్నారో చూడరు. రెండు పూటలా కట్టెల పొయ్యి ఊదే గర్భిణి ఆ పరికరంలో ఒక్కసారి ఊదితే ఎంత అంకె వస్తుందో నాకు చూడాలనుంది.