జెకిల్ దీవి ఫోను, చెరువు తూము

అట్లాంటాలో ఉండే మా మేనకోడలు సెలవులకి జార్జియా తీరంలోని జెకిల్ దీవికి వెళ్లి, అక్కడ ప్రదర్శనకు పెట్టిన పాతకాలపు ఫోను ఒకటి ఫోటో తీసి పంపింది. దాని కింద ఒక ప్రశ్న: "మావయ్యా, జనానికి దూరంగా ఉండాలని దీవినే కొనేసుకున్నవాళ్లకి వేల మైళ్ల ఫోను లైను దేనికి?" దేనికి అన్నదానికి జవాబు చిన్నదే. ఎలా వేశారో తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆమెకి రాసిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు దీవి సంగతి. పొడవు దాదాపు ఏడు మైళ్లు. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి చిత్తడి. 18వ శతాబ్దం చివరినుంచి ఇది దు బిన్యో అనే ఫ్రెంచి కుటుంబం చేతిలో ఉండేది. బానిసల చేత పత్తి పండించేవారు. పరాయి దేశాలనుంచి బానిసలను తేవడం అమెరికాలో 1808లోనే నిషేధమైంది. అయినా 1858 నవంబరు 28న 'వాండరర్' అనే ఓడ నాలుగు వందల మందికి పైగా ఆఫ్రికావాళ్లను దొంగచాటుగా ఈ ఒడ్డునే దించింది. ఈ దీవి పేరెత్తితే తర్వాత ఇక్కడికి వచ్చిన మోర్గాన్ లాంటి కోటీశ్వరుల కంటే ముందు వాళ్లు గుర్తు రావాలని నేననుకుంటాను.

1886లో ఆ కుటుంబ వారసుడు దీవిని 1,25,000 డాలర్లకు ఒక క్లబ్బుకి అమ్మేశాడు. 1888లో క్లబ్బు భవనం తెరుచుకుంది. సభ్యులు వందమందికి మించకూడదని నియమం. జె.పి. మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్, జోసెఫ్ పులిట్జర్ లాంటివాళ్లు చలికాలం వచ్చి వేట, విందులతో గడిపి వెళ్లేవారు. వంతెన లేదు, పడవ ఒక్కటే దారి. 1910 నవంబరులో సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్ కొందరు బ్యాంకర్లతో బాతుల వేట వంకన ఇక్కడికి వచ్చి, గుట్టుగా కేంద్ర బ్యాంకు ముసాయిదా ఒకటి రాయించాడు. అమెరికా కేంద్ర బ్యాంకుని తెచ్చిన 1913 ఫెడరల్ రిజర్వ్ చట్టానికి బాట అక్కడే పడింది. డబ్బు చరిత్ర రాసేవాళ్లు ఆ కథ చాలాసార్లు చెప్పారు. నా మనసు ఫోను మీదే ఉంది.

టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ అధ్యక్షుడు థియోడర్ వేల్ ఈ క్లబ్బు సభ్యుడే. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి తొలి లైను ఆరంభం 1915 జనవరి 25న. ఆ రోజుకి వేల్ కాలికి దెబ్బ తగిలి జెకిల్‌లో చిక్కుకుపోయాడు. కదలడానికి వీల్లేదు. ఆయన రాలేడు కాబట్టి లైనే ఆయన దగ్గరికి వచ్చింది. మా మేనకోడలి ప్రశ్నకి జవాబు ఇంతే. న్యూయార్క్‌లో ఫోను కనిపెట్టిన గ్రాహం బెల్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన పాత సహాయకుడు థామస్ వాట్సన్, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు విల్సన్, దీవిలో వేల్. 1876లో పక్కగదిలోంచి పిలిచిన మాటలతోనే బెల్ మళ్లీ వాట్సన్‌ని "ఇలా రా" అని పిలిచాడు. ఇప్పుడైతే రావడానికి వారం పడుతుందన్నాడు వాట్సన్.

న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 3,400 మైళ్లు, 1,30,000 స్తంభాలు. స్తంభాలు పాతడం చెమటోడ్చే పని, అంతే. అసలు చిక్కు తీగలో ఉంది. మా చిన్నప్పుడు ఊరి బయట తంతి స్తంభానికి చెవి ఆనించి ఆ ఝుమ్మనే మోత వినేవాళ్లం. "వార్తలు పోతున్నాయి రా" అనేవారు పెద్దవాళ్లు. నిజానికి అది గాలి. తీగ వెనక సుడులు విడివిడిగా తెగిపోతుంటే తీగ వణుకుతుంది, ఆ వణుకు కర్రలోకి దిగుతుంది. తీగలో పోయే మాటకి చప్పుడు లేదు. అది పోతూ పోతూ సన్నగిల్లుతుంది కూడా.

ఎంత సన్నగిల్లుతుంది? కాలువనే తీసుకోండి. తల దగ్గర నిండుగా పారే నీళ్లు చివరి ఆయకట్టుకి చేరేసరికి బురద తడిగా మిగులుతాయి. తీగలో నష్టం ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ పోయేది ఉన్నదాంట్లో వాటా. లెక్క కోసం, ప్రతి వంద మైళ్లకి శక్తి సగమవుతుందనుకుందాం. 3,400 మైళ్లకి 34 సార్లు సగం. చదరంగం గడుల్లో గింజల కథ తిరగేసినట్టు, చివర ఒక పాలు మిగలాలంటే మొదట్లో 1,700 కోట్లకు పైగా పాళ్లు పొయ్యాలి. ఎంత గట్టిగా అరిచినా కాని పని. అదే దారిలో మూడుచోట్ల మళ్లీ బలం పోస్తే? దారి నాలుగు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో ఎనిమిదిన్నర సగాలు, అంటే సుమారు 360 రెట్లు పెంచితే చాలు. 1,700 కోట్లు ఎక్కడ, 360 ఎక్కడ! ఈ లెక్క తరగతిలో చెప్పినప్పుడల్లా వెనక బెంచీవాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారు.

ఆ మూడు చోట్లు పిట్స్‌బర్గ్, ఒమాహా, సాల్ట్‌లేక్ సిటీ. బలం పోసింది గాజు బల్బు. 1906లో లీ డి ఫారెస్ట్ తయారుచేసిన ఆడియాన్ దానికి మూలం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ట్రయోడ్ అని మూడు గీతల బొమ్మవేసి, భాగాలు గుర్తించమని మార్కులు ఇస్తారు. దాని గుండెకాయ ఎక్కడుందో చెప్పరు. నేను తూముతో చెబుతాను.

పెద్ద చెరువు, దానికి తూము, తూముకి షట్టరు, షట్టరు దగ్గర లస్కరు. దూరంనుంచి సొమ్మసిల్లి వచ్చిన గొంతు ఆ లస్కరు. వాడికి నీళ్లు మోసే ఓపిక లేదు, షట్టరు కాస్త ఎత్తి దించే ఓపిక ఉంది. వాడు ఏ లయలో ఎత్తితే చెరువు నీళ్లు అదే లయలో, వాడి బలానికి ఎన్నో రెట్లుగా బయటికి దూకుతాయి. బల్బులో వేడెక్కిన తీగనుంచి ఎలక్ట్రాన్లు లేచి ఎదురుగా ఉన్న ప్లేటుకి పరుగెడతాయి. అదే చెరువు నీరు, దాన్ని నింపేది బ్యాటరీ. మధ్యలో సన్నని జల్లెడ లాంటి గ్రిడ్, అదే షట్టరు. గ్రిడ్‌ని ప్లేటు కంటే బాగా కింది వోల్టేజీలో, కాస్త రుణంగా (నెగటివ్‌గా) ఉంచితే అది ఎలక్ట్రాన్లను తాగదు, ఆపుతుంది, వదులుతుంది, అంతే. అందుకే లస్కరుకి ఖర్చు దాదాపు లేదు. అవతలికి వెళ్లేది పాత నీరు కాదని గమనించండి. న్యూయార్క్‌లో బెల్ గొంతు పుట్టించిన శక్తి పిట్స్‌బర్గ్‌లోనే ఆగిపోయింది. ముందుకు సాగింది దాని లయ ఒక్కటే.

డి ఫారెస్ట్ ఆడియాన్ ఇంత పని చెయ్యలేదు. అందులో కొంచెం వాయువు ఉండాలనే ఆయన నమ్మాడు. వోల్టేజీ పెంచితే బల్బు నీలంగా వెలిగి మాట చెదిరిపోయేది. తూములో గుర్రపుడెక్క ఇరుక్కుంటే షట్టరు ఎంత తిప్పినా నీళ్లు మాట వింటాయా? 1912లో కంపెనీ శాస్త్రవేత్త హెరాల్డ్ ఆర్నాల్డ్ దాన్ని చూసి, ఉన్న వాయువునంతా లాగెయ్యాలని పట్టేశాడు. బల్బు దారికొచ్చింది.

దీనికి తోడు ఎనిమిదేసి మైళ్లకి ఒక తీగచుట్ట. మైఖేల్ పుపిన్ పేటెంటు 1900 నాటిది, ఆలోచన ఆలివర్ హెవిసైడ్‌ది. చుట్ట కలిపితే లైను ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, పెరుగుతుంది. అంత శక్తినే ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పంపవచ్చు. వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అదీ తగ్గుతుంది. పెద్ద కరెంటు టవర్ల లైన్ల కిటుకూ ఇదే.

ఇంకో గండం ఉంది. తూము ఒకవైపే పారుతుంది, ఫోనులో ఇద్దరూ మాట్లాడాలి. అటుకొక బల్బు, ఇటుకొక బల్బు పెడితే ఒకదాని అరుపు రెండోదాని చెవిలో పడి, అది దీని చెవిలో పోసి, పెళ్లి పందిట్లో మైకు స్పీకరు ముందుకు వెళ్లినప్పుడు వచ్చే ఆ 'కుయ్యి' మోత పుడుతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం తక్కెడ. అసలు లైను ఎలా ప్రవర్తిస్తుందో అచ్చం అలాగే ప్రవర్తించే నకిలీ లైనుని రెసిస్టర్లు, కెపాసిటర్లు, చుట్టలతో ఒక పెట్టెలో తయారుచేస్తారు. బల్బు అరుపులో సగం అసలు లైనుకి, సగం నకిలీకి పోతుంది. రెండో బల్బు చెవిని సరిగ్గా ముల్లు దగ్గర పెడతారు. రెండు పళ్లేలూ సమంగా ఉంటే ముల్లు కదలదు, అంటే తన పక్కవాడి అరుపు దానికి వినపడదు. అవతలి ఊరినుంచి వచ్చే మాట ఒక పళ్లేన్నే తాకుతుంది కాబట్టి అది వినపడుతుంది. సగం శక్తి పెట్టెలో వేడిగా వృథా. వానకి స్తంభాల మీది పింగాణీలు తడిస్తే అసలు లైను గుణం మారి ముల్లు వంగుతుంది కూడా.

మామూలు జనానికి ఆ లైనులో మూడు నిమిషాల మాటకి 20 డాలర్ల 70 సెంట్లు అయ్యేది.

క్లబ్బు యుద్ధకాలంలో, 1942లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. 1947లో జార్జియా రాష్ట్రం దీవిని 6,75,000 డాలర్లకు తీసుకుంది. 1950లో దక్షిణపు కొసన సెయింట్ ఆండ్రూస్ బీచ్ తెరిచారు. ఆ రాష్ట్రంలో నల్లవాళ్లు కాలు పెట్టగలిగిన మొదటి ప్రభుత్వ బీచ్ అదే. 'వాండరర్' ఓడ నాటికీ ఆ రోజుకీ మధ్య తొంభై రెండేళ్లు.

ఇదంతా చదివి మా మేనకోడలు కాల్ చేసింది. నీ గొంతు కూడా నా దగ్గరికి వందకి పైగా తూములు దాటి వస్తోందే అన్నాను. సముద్రం అడుగున, మాటను వెలుగుగా మోసే గాజు పోగుకి 60 నుంచి 100 కిలోమీటర్లకొక రిపీటర్, అంటే మళ్లీ బలం పోసే పెట్టె, ఉంటుంది. అందులో ఎర్బియం అనే లోహపు పరమాణువుల్లో లేజరు శక్తి నింపి ఉంచుతుంది, చెరువు నింపినట్టు. అలిసి వచ్చిన వెలుగు తగలగానే అవి అదే లయలో కొత్త వెలుగు వదులుతాయి.

"మరి అటూ ఇటూ కలిసి కుయ్యిమనవా మావయ్యా?"

అనవు. అటుకొక పోగు, ఇటుకొక పోగు.