గడియారం మాయమైన ఫోటో

గుడారంలో తండ్రీకొడుకులు కూర్చున్నారు. తండ్రి పేరు లిటిల్ ప్లూమ్, కొడుకు ఎల్లో కిడ్నీ. ఉత్తర అమెరికా మైదానాల్లోని పీగన్ తెగవాళ్లు. వెనక గుంజలకు అడవిదున్న తోలు డాలు, గద్ద రెక్క విసనకర్ర వేలాడుతున్నాయి. ముందు పొగాకు తరిగే పలక, దాని మీద పొగతాగే గొట్టం. ఇద్దరి మధ్య ఓ గడియారం. 1910 ప్రాంతంలో అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ తీసిన ఫోటో ఇది. ఆదివాసుల మీద ఆయన తెచ్చిన పుస్తకంలో అచ్చయ్యేసరికి గడియారం లేదు. నెగటివ్ మీదే చెరిపేశారు. కంప్యూటర్లు రాకముందు కూడా ఇలాంటి పనులకు చేతి నైపుణ్యం ఉంటే సరిపోయేది.

కర్టిస్ 1868లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. సియాటిల్‌లో స్టూడియో పెట్టి, డబ్బున్నవాళ్ల ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ ఊరికి పేరు ఏ ఆదివాసీ నాయకుడి నుంచి వచ్చిందో, ఆయన కూతురు ముసలితనంలో అక్కడే సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు ఏరుకుని బతికేది. ఊరివాళ్లు ఆమెను ప్రిన్సెస్ ఏంజెలిన్ అని పిలిచేవాళ్లు. కర్టిస్ ఒక్కో ఫోటోకు ఒక డాలర్ చొప్పున ఇచ్చి ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టాడు. ఆదివాసుల ఫోటోల పని అలా మొదలైంది.

1900లో మోంటానాలో పీగన్ల సూర్యనృత్యం అనే మతాచార వేడుక చూశాక ఆయనకు ఇక వేరే ధ్యాస లేదు. ఆదివాసుల ఫోటోలతో పుస్తక సంపుటాలు తేవడానికి 1906లో బ్యాంకర్ జె.పి.మోర్గాన్ 5 ఏళ్లకు 75 వేల డాలర్లు ఇస్తానన్నాడు. ఖర్చులకే, జీతం లేదు. అయిదేళ్లలో అయిపోతుందనుకున్న పని 1930 దాకా సాగింది. 20 సంపుటాలు, 80కి పైగా తెగలు, 2,200కు పైగా అచ్చు బొమ్మలు. రాతపనిలో పెద్ద భాగం విలియం మైయర్స్‌ది. క్రో తెగకు చెందిన అలెగ్జాండర్ అప్‌షా లాంటి దుబాసీలు లేకపోతే చాలా గుడారాల తలుపులు కర్టిస్‌కు తెరుచుకునేవే కావు. అయినా అట్ట మీద పేరు మాత్రం కర్టిస్‌దే.

ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక. బరువు, పైగా పగిలే సరుకు. తీసింది సరిగా పడిందో లేదో అక్కడికక్కడే తెలుసుకోవడానికి ఆయన సయనోటైప్ వాడేవాడు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నెగటివ్ పెట్టి ఎండలో ఉంచితే, వెలుతురు తగిలినచోట ఇనుము మార్పు చెంది కరగని నీలిరంగుగా స్థిరపడుతుంది. మిగతాది నీళ్లతో కడిగితే పోతుంది. చీకటి గది అక్కర్లేదు. ఎండా నీళ్లూ ఉంటే చాలు. ఇక అప్పటి పలకలకు ఎరుపు సరిగా కనిపించేది కాదు. ఎర్ర రంగు పూసుకున్న ముఖం నల్లగా, నీలాకాశం తెల్లగా వచ్చేవి. అంటే ఎవరూ చెరపకపోయినా ఫోటో ఉన్నదున్నట్టు చెప్పేది కాదు.

ఫోటోల కన్నా విలువైనవి, నా లెక్కలో, ఆయన మైనపు సిలిండర్లు. పాడేవాళ్లు కొమ్ములాంటి గొట్టంలోకి పాడితే ఆ గాలి అదురుకు ఒక పొర కదిలి, దానికున్న ములుకు తిరుగుతున్న మైనం మీద గాడి గీస్తుంది. కరెంటుతో పనిలేదు. ఆయన బృందం 10 వేల దాకా రికార్డు చేసిందంటారు. దొరుకుతున్నవి కొన్ని వందలే. మైనం కాబట్టి, వినిపించిన ప్రతిసారీ గాడి కొంచెం అరిగిపోతుంది.

మళ్లీ గడియారం సంగతి. తను చూస్తున్నది అంతరించిపోతున్న జాతి అని కర్టిస్ గట్టిగా నమ్మాడు. 1904లో నవాహో గుర్రపురౌతులు చీకట్లోకి వెళ్లిపోతున్న ఫోటోకు ఆ పేరే పెట్టాడు. గడియారం కొనుక్కున్న మనిషి ఆ కథకు అడ్డం. వాళ్ల ఆచారాలు వాటంతట అవే పోతున్నాయా? 1883 నుంచే అమెరికా ప్రభుత్వం సూర్యనృత్యం లాంటివాటిని నేరాల జాబితాలో పెట్టింది. పిల్లల్ని దూరంగా హాస్టల్ బడుల్లో వేసి సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్లు. ఎత్తయిన ఈకల తలపాగా ఫోటోలో ఈ సంగతి కనబడదు.

సంపుటాల సెట్టు ఖరీదు వేల డాలర్లు. 500 సెట్లు అనుకుంటే 300 కూడా అమ్ముడుపోలేదు. 1935లో మోర్గాన్ కంపెనీ మిగిలిన సెట్లనూ బొమ్మలు అచ్చువేసే రాగి పలకలనూ బోస్టన్ పుస్తకాల వ్యాపారికి వెయ్యి డాలర్లకు ఇచ్చేసింది. 1952లో కర్టిస్ చనిపోయేనాటికి ఆయన పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. 1970లలో ఆ సరుకు ఆ దుకాణం నేలమాళిగలో బయటపడ్డాక మళ్లీ గిరాకీ పుట్టింది.

ఆయన 1914లో కెనడా పడమటి తీరంలో క్వాక్వాకావాక్ జనంతో ఓ సినిమా కూడా తీశాడు. కథ కల్పితం, విగ్గులు, దేవదారు నార బట్టలు సినిమా కోసమే. కానీ పాట్లాచ్ అనే వాళ్ల పెద్ద వేడుక అప్పటికి చట్టం ప్రకారం నిషిద్ధం. 1951 దాకా ఆ నిషేధం నడిచింది. షూటింగ్ సాకుతో వాళ్లు ముసుగులు చెక్కారు, పడవలు అలంకరించారు, బాహాటంగా ఆడారు. 2008లో బాగుచేసిన ఆ సినిమాను ప్రదర్శించినప్పుడు అదే జనం వారసులు వేదికెక్కి తమ నృత్యాలు చేసి చూపించారు.