పిడక మీద నిప్పు

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీలో చిన్నది అడిగింది: "ఇల్లొదిలి పారిపోయేవాళ్లు బంగారమో బట్టలో పట్టుకెళ్తారు గానీ, బడి పుస్తకాలెందుకు తాతయ్యా?" అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మీ టీచర్ చెప్పిన ఆ అమ్మాయి పేరు ముజూన్ అల్‌మెలెహాన్. సిరియాలో యుద్ధం ముదిరాక, 2013లో ఆమె కుటుంబం దరా ప్రాంతం వదిలి సరిహద్దు దాటింది. పొరుగు దేశం జోర్డాన్‌లోని జాతరి శరణార్థి శిబిరానికి చేరింది. ఆమె వెంట తెచ్చుకున్నవి బడి పుస్తకాలే.

మాది దివిసీమ కదా. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నాకు పదేళ్లు. తర్వాత నాలుగు రోజులు మా పొయ్యి వెలగలేదు. అగ్గిపెట్టెలన్నీ నాని ముద్దయ్యాయి. చివరికి మా అమ్మమ్మ మెరక మీదున్న ఊరికి నడిచి వెళ్లి, మూకుడులో పిడక పెట్టి, దాని మీద నిప్పు వేయించుకుని, పైన బూడిద కప్పి తెచ్చింది. గాలి ఎక్కువ తగిలితే దారిలోనే కాలిపోతుంది, అసలు తగలకపోతే ఆరిపోతుంది. అందుకని మధ్యమధ్య ఆగి, బూడిద కాస్త తీసి, ఊది, మళ్లీ కప్పుకుంటూ నడిచిందట.

చదువూ అంతే తల్లీ. కట్టెలు ఎవరైనా ఇస్తారు, నిప్పును మాత్రం మనమే కాపాడుకోవాలి. జాతరి బళ్లలో పొద్దున ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు పాఠాలు. ఆ పొద్దుటి కాసిని గంటలే వాళ్లు నిప్పును ఊదుకునే సమయం.

అమ్మమ్మ నిప్పు తెచ్చిందని తెలిసి చుట్టుపక్కల ఐదారిళ్లవాళ్లు పిడకలు పట్టుకుని వచ్చారు. ముజూన్ అయితే తనే గుడారం గుడారం తిరిగింది. ఆడపిల్లకు త్వరగా పెళ్లి చేసేస్తే భద్రమనుకునే తల్లిదండ్రులకు నచ్చజెప్పి, బడికి పంపమని అడిగింది. అలా అడిగేవాళ్లు మా ఊళ్లో లేకపోయారు. ఎక్కాలు నాకంటే వేగంగా చెప్పే అమ్మాయి ఒకతె ఉండేది. ఉప్పెన తర్వాత బడికి రాలేదు. మరుసటేడు పెళ్లి చేసేశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

2017లో ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్ ముజూన్‌ను తన తరఫున పిల్లల కోసం మాట్లాడే గుడ్‌విల్ అంబాసిడర్‌గా నియమించింది. శరణార్థి హోదాలో ఉండి ఆ బాధ్యత అందుకున్న మొదటి మనిషి ఆమే. రేపు ఎక్కడుంటామో తెలియని గుడారంలో కూర్చుని ఒక పిల్ల లెక్క చేసుకోగలగడం ఎలా సాధ్యమో, పిడక పోలికతోనూ నాకు అందడం లేదు. తలుచుకున్న ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఈ ఆదివారం మీ పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుని, భుజాన వేసుకుని, ఇంటి నుంచి బస్టాండు దాకా నడవండి. సగం దారిలో ఏ పుస్తకం తీసి పక్కన పెట్టేయాలనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య